పచ్చికుండ

హైదరాబాద్ పాతబస్తీలోని మా ఛత్రినాకకు కూతవేటు దూరంలో లాల్‌దర్వాజ. ఆషాఢంలో సింహవాహిని మహంకాళి బోనాలు ముగిసిన మర్నాడు అక్కడ రంగం జరుగుతుంది. ఒక ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడుతుంది. నిప్పు చూడని కుండ అది. దాని మీద మనిషి బరువు ఎలా ఆగుతుందని ఎవరూ అడగరు. ఆమె నోరు తెరిచి వానల గురించీ పంటల గురించీ రాబోయే రోగాల గురించీ చెబుతుంటే జనమంతా ఊపిరి బిగబట్టి వింటారు. ఆ కాసేపూ ఆమె మాటకు సాక్షి అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. ఆమె చెప్పింది గనుక అది నిజం.

ఏడాదిలో మిగిలిన రోజుల సంగతి వేరు. ఆ రోజుల్లో ఆడమనిషి మాట ఠాణా గడప దగ్గర నిలబడి, నన్ను నమ్మండని వేడుకుంటూనే వచ్చింది. ఎన్ని తరాలు వేడుకుందో. ఎందరు తల్లులు ఆ గడప దాకా వచ్చి, పరువు గుర్తొచ్చి వెనుదిరిగారో. అలాంటి నేల మీద ఈమధ్యనే, కొద్దికొద్దిగా, ఒక నమ్మకం నిలదొక్కుకోవడం నేర్చుకుంది. ఆడపిల్ల ఆపదలో ఉన్నానంటే ముందు పరుగెత్తాలి, ప్రశ్నలు తర్వాత అన్న నమ్మకం. అదీ పచ్చికుండే. ఇంకా కాలలేదు, గట్టిపడలేదు.

2021 ఫిబ్రవరిలో, మా ఊరికి తూర్పున ఘట్‌కేసర్ దారిలో, ఆ కుండ మీద ఒక అబద్ధం వచ్చి నిలబడింది. ఆ అబద్ధమాడిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి పక్షం రోజులు తిరిగేసరికి మనకు లేకుండా పోయింది. ముగింపు ముందే చెప్పేస్తున్నాను. దాచుకోవలసిన మలుపేదీ ఈ కథలో లేదు. ఆగి ఉండగలిగిన చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. ఒక్కొక్క చోటా కాసేపు కూర్చుని, ఇక్కడైనా ఆగి ఉంటే అని తలుచుకోవడం తప్ప ఇప్పుడు మనం చేయగలిగిందేమీ లేదు. ఆమె పేరు చెప్పను. ఆ పేరును అప్పట్లో ఎందరో ఎన్నో రకాలుగా నోట వేసుకుని నమిలారు. ఇప్పుడైనా దానికి విశ్రాంతి దొరకాలి.

*

ఫిబ్రవరి 10, బుధవారం. ఫార్మసీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి కాలేజీ నుంచి బయలుదేరింది. ఇంకో రెండేళ్లు గడిస్తే తెల్లకోటు వేసుకుని ఏ ప్రయోగశాలలోనో, ఏ ఆసుపత్రిలోనో నిలబడవలసిన పిల్ల. మన ఊళ్లల్లో ఇలాంటి పిల్లను కన్న ఇల్లు ఎన్ని లెక్కలు వేసుకుంటుందో మనకు తెలుసు. ఫీజుల లెక్క, బస్సు పాసు లెక్క, చదువు అయ్యాక వచ్చే జీతం లెక్క. ఆ లెక్కల మధ్య ఆ పిల్ల మనసులో ఏముందన్న లెక్క చాలాసార్లు రాయకుండానే మిగిలిపోతుంది.

ఆమెకు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాలనిపించలేదు. ఇల్లు విడిచి ఎటైనా పోవాలనుకుందని తర్వాత పోలీసులు చెప్పారు. వేళ దాటింది. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఎక్కడున్నావు?

మన ఇళ్లలో ఆడపిల్లలు వయసొచ్చిన నాటి నుంచీ జవాబు చెబుతూనే ఉండే ప్రశ్న అది. అడిగే తల్లిలో ఉండేది భయం, ప్రేమ. వినే పిల్లకు మాత్రం ఒక్కోసారి అది గోడలా వినిపిస్తుంది. కాసేపు ఒంటరిగా ఉండాలనుంది అనే జవాబు మన ఇళ్లలో చెల్లదు. ఇవాళ ఇంటికి రాబుద్ధి కావడం లేదనే జవాబు అసలే చెల్లదు. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి అనుకోవద్దు. అన్ని ఇళ్ల సంగతీ ఇదే. చెల్లే జవాబు కోసం ఆ పిల్ల వెతుక్కుంది. తల్లి తిట్టకుండా ఏడ్చే జవాబు, ఎందుకని ఎదురు అడగని జవాబు ఒక్కటే తోచింది. ఆటో అతను ఆపడం లేదమ్మా అంది.

ఒక్క వాక్యం. దాని వెనుక పథకం ఉందని నేననుకోను. నీళ్లలో పడ్డవాడు చేతికందిన కొమ్మ పట్టుకున్నట్టు ఆ వాక్యాన్ని పట్టుకుంది. ఆ క్షణంలో తల్లి, 'సరే బిడ్డా, ఏమైనా సరే, నేనేమీ అనను, నువ్వు రా' అని ఉంటే? ఏ తల్లి మాత్రం అలా అనగలదు, ఆటో ఆపడం లేదని విన్నాక? ఆ వాక్యం విన్న తల్లికి మరో దారి మిగలదు. అందుకే అది అంత భయంకరమైన వాక్యం. ఇంట్లోవాళ్లు 100కు ఫోన్ చేశారు.

మొదటి గడప దాటిపోయింది.

*

ఆ ఫోన్‌కు ఊరు పలికిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

అంతకు పద్నాలుగు నెలల కిందట, 2019 నవంబర్ 27 రాత్రి, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు పక్కన ఒక పశువైద్యురాలు చెల్లెలికి ఫోన్ చేసి, భయమేస్తోంది అంది. దిశ అని మనం పేరు పెట్టుకున్న ఆ బిడ్డ కోసం ఇంటివాళ్లు ఠాణా మెట్లెక్కితే, ఇది మా పరిధి కాదన్నారని వాళ్లు కన్నీళ్లతో చెప్పారు. ఆ రాత్రి కరిగిపోయిన గంటలకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. తెల్లవారేసరికి షాద్‌నగర్ దారిలో ఒక వంతెన కింద బూడిద మిగిలింది. ఆ బూడిద నుంచి ఈ ఊరు ఒక పాఠం నేర్చుకుంది. పరిధులు అడగొద్దు, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమోనని అడగొద్దు, ముందు పరుగెత్తాలి.

అందుకే 2021లో ఆ ఫోన్ రాగానే ఎవరూ పరిధి అడగలేదు. జీపులు కదిలాయి, సెల్‌ఫోన్ సిగ్నల్ వెంట వెతికారు, ఆ సాయంత్రమే అన్నోజిగూడ దగ్గర ఆమెను కనుగొన్నారు. నలిగి, చెదిరి ఉన్న పిల్లను ఆసుపత్రికి చేర్చారు. దిశకు అందని పరుగు ఈ పిల్లకు అందింది. ఒక బిడ్డను పోగొట్టుకుని నేర్చుకున్న పాఠాన్ని ఊరు తప్పు లేకుండా ఒప్పజెప్పింది. ఒప్పజెప్పింది అబద్ధానికని ఆ రాత్రి ఎవరికీ తెలియదు. ఒక్క మనిషికి తప్ప.

ఆసుపత్రి మంచం మీద ఆ ఒక్క మనిషీ ఏమనుకుంటూ పడుకుందో. చుట్టూ పోలీసులు, డాక్టర్లు, ఏడుస్తున్న అమ్మ. గుమ్మం బయట కెమెరాలు. అప్పటికి మాట పెరిగింది. ఆటో డ్రైవరుకు తోడు మరికొందరు వచ్చి చేరారు, అపహరణకు అత్యాచారం తోడైంది. చిన్న అబద్ధాన్ని కాపాడటానికి పెద్ద అబద్ధం కాపలాకు రావలసి వచ్చింది. ఇక్కడ రెండో గడప ఉంది. ఆ గదిలోంచి అందరినీ బయటికి పంపి, ఒక్క అనుభవమున్న ఆడమనిషి మంచం అంచున కూర్చుని, 'ఏం జరిగినా సరే, ఏమీ జరగకపోయినా సరే, నాకు చెప్పు తల్లీ' అని ఉంటే? 'ఏమీ జరగకపోయినా సరే' అన్న ఆ మూడు మాటల్లో ఆమె ఇంటికి తిరిగి వెళ్లే దారి ఉంది. అయితే ఆ ప్రశ్న అడగడం కూడా కష్టమే. నిజంగా గాయపడ్డ పిల్లను అలా అడిగితే అది అనుమానం అవుతుంది, రెండో గాయం అవుతుంది. నమ్మడమూ అడగడమూ ఒకే గొంతులో పలకడం ఇంకా మనకు చేతకాలేదు.

చట్టం కూడా ముందు నమ్మమనే అంటుంది. 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ మాట తేల్చింది. వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయక తప్పదని. మంచి మాట అది. వేలమంది ఆడవాళ్ల కన్నీళ్లలోంచి వచ్చిన మాట. ఆ తలుపు తెరిచే ఉండాలి. తెరిచి ఉన్న తలుపులోంచి అబద్ధం కూడా లోపలికి రాగలదని తెలిసీ తెరిచే ఉంచాలి.

*

ఆమె చెప్పిన ఆనవాళ్లను బట్టి కొందరు ఆటో డ్రైవర్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.

మా ఛత్రినాక ఆటోల బస్తీ. గౌలిపుర, ఉప్పుగూడ, అలియాబాద్, శాలిబండ, ఎటు చూసినా సందు మొదట్లో రెండు ఆటోలు, ఇంటి గోడకు ఆనించిన ఒక ఆటో, ముందు అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ, వెనుక పిల్లల పేర్లు. ఆ రెండు మూడు రోజులు చాయ్ బండి దగ్గర డ్రైవర్లు ఫోన్లలోకి తలలు వంచి నిలబడటం నాకు గుర్తుంది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎరిగిన పెద్దాయన ఒకరు, ఇరవై ఏళ్లుగా ఈ సందుల్లోనే ఆటో నడిపే మనిషి, గ్లాసు కింద పెట్టి అన్నాడు: "సవారీ ఎక్కిందంటే ఇల్లు చేరేదాంక నా బిడ్డనే అనుకుంట. గిప్పుడు ఒంటరిగ ఆడపిల్ల చెయ్యెత్తితే ఆపాల్నా వద్దా అని గుండె కొట్టుకుంటున్నది. ఆపకుంటె పాపం, ఆపితె భయం."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దిశ కేసులో నిందితులుగా పట్టుకున్న నలుగురినీ 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. ఊళ్లో మిఠాయిలు పంచుకున్నారు. పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. అయితే 2021 ఫిబ్రవరి నాటికి ఆ నివేదిక ఇంకా రాలేదు, పూల వాసన మాత్రం ఇంకా పోలేదు. అలాంటి గాలిలో, అలాంటి నేరం పేరు మీద, ఠాణాలో కూర్చోబెట్టిన ఆటో డ్రైవరు ఆ రాత్రులు ఎలా గడిపి ఉంటాడు? బయట అతని ఇంటావిడ పక్కింటి వాళ్ల ముఖం ఎలా చూసి ఉంటుంది? బడిలో అతని పిల్లను తోటిపిల్లలు ఏమడిగి ఉంటారు? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ రికార్డులోనూ ఉండవు. ఎఫ్‌ఐఆర్‌లో వాటికి గడి లేదు.

అదే రోజుల్లో, ఆగ్రా సెంట్రల్ జైల్లో ఒక మనిషి విడుదల కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు. ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్ జిల్లా పల్లెటూరి మనిషి. 2000లో అత్యాచారం కేసులో జైలుకెళ్లినప్పుడు ఇరవై మూడేళ్ల యువకుడు. 2021 జనవరి 28న అలహాబాద్ హైకోర్టు అతను నిర్దోషి అంది. ఆ ఫిర్యాదు వెనుక భూమి తగాదా ఉందని గమనించింది. మార్చి మొదట్లో బయటికి వచ్చేసరికి అమ్మా నాన్నా లేరు, అన్నదమ్ముల్లో ఇద్దరు లేరు. నాలుగు పదుల వయసు దాటిన ఆ మనిషి ఖాళీ ఇంటి ముందు నిలబడ్డాడు. ఘట్‌కేసర్ డ్రైవర్ల ముందు కూడా ఆ దారే తెరుచుకుని ఉంది. దాని మీద వాళ్లు రెండడుగులు వేశారు. మూడో అడుగు పడకుండా ఆపింది ఏ మనిషి సాక్ష్యమో కాదు. స్తంభాల మీది కెమెరాలు.

*

పోలీసులు దారి పొడవునా సీసీ కెమెరాలను వెతికారు. అపహరణ జరిగిందన్న వేళకు ఆ అమ్మాయి రోడ్డు పక్కన ఒంటరిగా నడుస్తూ కనిపించింది. ఆమె చెప్పిన సమయంలో ఆ డ్రైవర్లు వేరే చోట ఉన్నారు. వాళ్లలో ఒకరితో గతంలో కిరాయి దగ్గర పేచీ పడిందని, ఆ కోపం వల్లే ఆ ముఖం గుర్తొచ్చిందని పోలీసులు చెప్పారు. ఎంత చిన్న పేచీ. అలాంటివి మన సందుల్లో రోజుకు పది జరుగుతాయి. చౌరస్తా దాటేలోపు మరిచిపోతాం. ఆ పిల్ల కూడా మరిచిపోయే ఉంటుంది. ఒక ముఖం కావాలని అడిగినప్పుడు మాత్రం మనసు అట్టడుగున వెతికి దాన్నే అందించింది.

ఒంటరిగా నడుస్తున్న ఆ దృశ్యాన్ని తలుచుకుంటే నాకు కోపం రాదు. సంచీ భుజాన వేసుకుని, వెళ్లడానికి చోటు లేక, తిరిగి రావడానికి మాట లేక, జాతీయ రహదారి పక్కన సంజె చీకట్లో నడుస్తున్న పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆ కెమెరా ఆమె అబద్ధాన్ని పట్టుకుంది. ఆమె ఒంటరితనాన్ని కూడా పట్టుకుంది. మొదటిదాన్నే అందరూ చూశారు.

ఫిబ్రవరి 13న రాచకొండ పోలీస్ కమిషనర్ మహేశ్ భగవత్ విలేకరుల ముందుకు వచ్చి, అపహరణా లేదు, అత్యాచారమూ లేదు, ఆటో డ్రైవర్ల తప్పేమీ లేదని స్పష్టం చేశారు. చెప్పక తప్పని మాట అది. డ్రైవర్ల పరువు బజారులో పడి ఉంది. దాన్ని బజారులోనే ఎత్తి ఇవ్వాలి. మా చాయ్ బండి దగ్గర ఆ రోజు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని నవ్వారు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఆ పిల్ల ఏమవుతుందని మాలో ఒక్కరం కూడా అడగలేదు. మూడో గడప అది. దాని మీద నేనూ నిలబడి ఉన్నాను, నేనూ చేయి చాచలేదు.

*

ఆమె చేసింది నేరమే. దాన్ని తేలిక చేయడం డ్రైవర్లకు ద్రోహం. అయితే ఆ నేరానికి చట్టం ఏం కొలిచి పెట్టిందో ఆమెకు ఎవరైనా చెప్పారా అన్నది నన్ను వదలని ప్రశ్న.

అప్పటికి అమల్లో ఉన్నది 1860 నాటి భారత శిక్షాస్మృతి. తెలిసి తెలిసీ ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారమిచ్చి, ఎదుటివాడికి కీడు జరిగేలా చేస్తే 182వ సెక్షన్. దానికి గరిష్ఠంగా ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. కీడు తలపెట్టి, ఆధారం లేదని తెలిసీ నేరం మోపితే 211వ సెక్షన్. మామూలుగా రెండేళ్ల వరకు, మోపిన నేరం మరణశిక్ష, యావజ్జీవం లేదా ఏడేళ్లూ ఆపై శిక్ష పడేదైతే ఏడేళ్ల వరకు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఇవే 217, 248 సెక్షన్లయ్యాయి, బరువూ పెరిగింది. 217 కింద ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 248 కింద ఐదేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మోపిన నేరం మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లూ ఆపై శిక్ష పడేదైతే పదేళ్ల దాకా జైలు. పరువు పోగొట్టుకున్న మనిషి విడిగా పరువునష్టం కేసు వేసుకోవచ్చు, సివిల్ కోర్టులో పరిహారం అడగవచ్చు.

ఈ కొలతలు పెట్టినవాళ్లు ఒక జాగ్రత్త కూడా తీసుకున్నారు. రుజువు కాని ఫిర్యాదు ప్రతిదీ అబద్ధం కాదు. సాక్షి జారిపోవచ్చు, భయంతో నోరు పడిపోవచ్చు, చీకట్లో ముఖం పొరబడవచ్చు. అబద్ధమని తెలిసీ చెప్పారని తేలాలి. పైగా 182 కింద, ఇప్పటి 217 కింద కూడా, నిందపడ్డ మనిషి తనంతట తాను కోర్టుకు పోలేడు. తప్పుడు సమాచారం ఎవరికి అందిందో ఆ అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ రాసి ఇవ్వాలి. కోపం మీద ఎవరూ ఎవరినీ ఈడ్చుకెళ్లకూడదని కట్టిన కంచె అది. అదే కంచె ఒక్కోసారి నిజంగా నష్టపోయిన ఆటో మనిషికి కూడా అడ్డమవుతుంది. అతని రెండు రోజుల కూలి, అతని పేరు మీద పడ్డ మసి, ఎవరు రాసి ఇస్తారా అని గడప బయటే కాచుకుంటాయి.

ఇంకొక చట్టం ఉంది. దాన్ని తలుచుకున్నప్పుడే నాకు కళ్లు చెమరుస్తాయి. 1958 నాటి నేరస్థుల పరివర్తన చట్టం. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లు యావజ్జీవం పడని నేరంలో దోషిగా తేలితే, జైలు తప్పనిసరి అనిపిస్తే తప్ప జైలుకు పంపవద్దని, ఒకవేళ పంపితే ఎందుకో కారణం రాయమని దాని ఆరో సెక్షన్ న్యాయమూర్తికి చెబుతుంది. మందలించి పంపమంటుంది, మంచి నడవడికకు పూచీ తీసుకుని వదలమంటుంది. పంతొమ్మిదేళ్లు. చట్టం ముందు ఆమె నిలబడి ఉంటే, తప్పు ఒప్పుకుని ఉంటే, ఆ డ్రైవర్ల ముందు తల వంచి ఉంటే, న్యాయమూర్తి కళ్లద్దాలు సవరించుకుని నాలుగు కఠినమైన మాటలు చెప్పి, ఆ తల్లి చేతికి బిడ్డను తిరిగి ఇచ్చే అవకాశం నిండా ఉంది. అరవై ఏళ్ల కిందట ఎవరో పెద్దమనసుతో రాసిపెట్టిన దయ అది. అలాంటి పిల్లల కోసమే రాశారు. ఆ దయ తన కోసం ఉందని ఆ పిల్లకు తెలిసే వేళ రానే లేదు.

*

ఏ కోర్టూ ఆమెను విచారించలేదు. ఏ న్యాయమూర్తీ తీర్పు చెప్పలేదు. తీర్పు మన చేతుల్లోంచి వెలువడింది, మన ఫోన్లలోంచి.

ఫిబ్రవరి 13 నుంచి 24 దాకా పదకొండు రోజులు. మొదటి మూడు రోజులు ఆమె కోసం ఏడ్చిన నోళ్లే ఆ తర్వాత ఆమెను ఛీకొట్టాయి. నమ్మి మోసపోయామన్న కోపం చెడ్డది, దానికి కొలత ఉండదు. టీవీ తెరల మీద ఆమె నడిచిన దృశ్యం మళ్లీ మళ్లీ తిరిగింది. గ్రూపుల్లో పేరు తిరిగింది, ఫొటో తిరిగింది, నవ్వులు తిరిగాయి. చట్టమైతే ఆరు నెలలనో ఏడేళ్లనో ఒక అంకె చెబుతుంది. ఆ అంకె ఎంత పెద్దదైనా దానికి చివరి రోజు ఒకటి ఉంటుంది. వీధి విధించిన శిక్షలో చివరి రోజు ఎక్కడా కనబడదు. పంతొమ్మిదేళ్ల పిల్ల కళ్లెత్తి చూస్తే ముందు ముందు అంతా అదే. కాలేజీ గేటు దగ్గర అదే, పెళ్లిచూపుల్లో అదే, ఉద్యోగానికి పోతే అదే.

ఆ పదకొండు రోజుల్లో ఏ ఒక్క రోజైనా తలుపు తట్టగలిగినవాళ్లు ఎందరు. తోటి విద్యార్థులు, పాఠాలు చెప్పే పంతుళ్లు, చుట్టాలు, మనసు వైద్యులు, బస్తీ పెద్దలు. అబద్ధమాడి దొరికిపోయిన పిల్ల ఒంటరిగా ఉండకూడదన్న సంగతి మనకెవ్వరికీ తట్టలేదు. దెబ్బ తిన్న పిల్లకు కాపలా పెడతాం గానీ, తప్పు చేసిన పిల్లకు కూడా కాపలా కావాలని మనం నేర్చుకోలేదు. ఇప్పుడు 14416 అని ఒక నంబరు ఉంది. టెలిమానస్. మనసు విరిగినవాళ్లు ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. అది 2022 అక్టోబరులో వచ్చింది. ఆమెకు అందనిది ఇంకెవరికైనా అందుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 24, బుధవారం. మొదటి ఫోన్ వచ్చిన బుధవారానికి సరిగ్గా రెండు వారాలు. ఆ ఉదయం వార్త వచ్చింది. ఎలా అన్నది రాయను. ఆ తల్లి రెండు వారాల్లో బిడ్డను రెండుసార్లు పోగొట్టుకుంది. మొదటిసారి పోగొట్టుకోలేదని తెలిసి ఊపిరి పీల్చుకునేలోపే రెండోసారి. మొదటిసారి ఊరంతా ఆమె వెంట పరుగెత్తింది.

మా చాయ్ బండి దగ్గర ఆ రోజు ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఆటో సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని చాలాసేపు రోడ్డు వైపే చూశాడు. "తప్పు చేసింది, మాఫీ అడిగిపిస్తె అయిపోవు. గంతేనాయె," అన్నాడు. "గంత దూరం ఎందుకు పోవాలె బిడ్డ?" ఆటో డ్రైవర్ల మీద పడ్డ నిందకు రెండు వారాల కిందట వణికిపోయిన మనిషి అతనే. ఆ నింద వేసిన పిల్లను బిడ్డా అని పిలవడానికి అతనికి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. ఆ పిలుపు ఆమె చెవిన పడి ఉంటే బాగుండేది. ఘట్‌కేసర్‌కూ ఛత్రినాకకూ మధ్య అంత దూరమేం లేదు.

*

పోయినవాళ్ల లెక్క ఆమెతో ఆగదు. ఇంకా కొందరున్నారు, వాళ్ల కోసం కూడా దుఃఖపడాలి. ఆ తర్వాత నిజంగా ఆపదలో పడి ఠాణాకు వచ్చిన పిల్లలు. వాళ్లు నోరు తెరిచేలోపే ఎదుటి మనిషి కళ్లలో ఒక నీడ కదిలి ఉంటుంది. 'ఘట్‌కేసర్ కేసులాంటిది కాదు గదా' అన్న నీడ. ఎవరూ బయటికి అనరు. అనకపోయినా వచ్చిన పిల్లకు అది తెలిసిపోతుంది. కొందరు గడప దాకా వచ్చి వెనుదిరిగే ఉంటారు, వెనుకటి తల్లుల్లాగే. ఒక అబద్ధానికి ఎందరో పిల్లల నిజాలు ఇలా జరిమానా కడుతూ ఉంటాయి. ఈ జరిమానా ఏ సెక్షన్‌లోనూ రాసి ఉండదు.

నాకా అంటే ఆపి చూసే చోటు. వచ్చే బండిని నిలిపి, లోపల ఏముందో చూసి, పంపే చోటు. మా బస్తీ పేరులోనే అది ఉంది, ఇన్నేళ్లూ నేను గమనించలేదు. ఆ రెండు వారాల్లో ఎన్ని చోట్ల ఒక నాకా ఉండి ఉంటే సరిపోయేదో. ఫోన్ దగ్గర ఒకటి, ఆసుపత్రి మంచం దగ్గర ఒకటి, టీవీ గొట్టాల ముందు ఒకటి, ముందుకు పంపించే ముందు మన బొటనవేలి కింద ఒకటి. చట్టాల పుస్తకంలో ఉన్న నాకా అన్నిటికన్నా చివరిది. దాని దాకా చేరకముందే ఆ పిల్ల దారి తెగిపోయింది.

ఏటా బోనాలు వస్తాయి. రంగం వస్తుంది. ఆడమనిషి మళ్లీ పచ్చికుండ మీద నిలబడుతుంది. కింద పడిపోకుండా ఆమెకు ఇరుపక్కలా చేతులు కాచి ఉంచేవాళ్లు ఉంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ, ఘట్‌కేసర్ తర్వాతే ఆ చేతులు నా కంట పడ్డాయి. పచ్చికుండ మీద నిలబెట్టిన మనిషిని ఊరికే వదిలేయరని మా పెద్దలకు తెలుసు.

మొన్నొక రాత్రి తొమ్మిది దాటాక లాల్‌దర్వాజ మోడ్ దగ్గర నిలబడి ఉన్నాను. పుస్తకాల సంచీతో ఒక అమ్మాయి రోడ్డు అంచుకు వచ్చి చెయ్యెత్తింది. వస్తున్న ఆటో వేగం తగ్గింది. ఆగుతుందా, సాగిపోతుందా అన్నట్టు కాసేపు తటపటాయించింది. ఆ తటపటాయింపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆటో ఆగింది. అమ్మాయి ఎక్కి కూర్చుంది. కూర్చుంటూనే ఫోన్ మోగినట్టుంది, చెవికి పెట్టుకుంది. ఆటో ఉప్పుగూడ వైపు తిరుగుతుంటే ఆ గొంతు నాకు వినబడింది.

"ఆఁ అమ్మా, ఆటో ఎక్కిన. వస్తున్న."